పదకొండు పేర్లు

గురువారం పొద్దున్న పది గంటలకి సాయిదుర్గ మత్స్యకారుల సొసైటీ ఆఫీసులో కంప్యూటర్ ముందు మూడు ఎడిటర్లు తెరిచి పెట్టుకుని కూర్చుంది. వెబ్ పేజీకి కోడు రాయాలన్నా, అందులో కనపడే తెలుగు మాటలు రాయాలన్నా ఒక ఎడిటర్ ఉండాలి. ఈ మూడూ బ్రౌజర్లో నడిచేవే. వేరే దారి లేదు మరి. ఆ కంప్యూటర్లో కొత్తగా ఏది ఎక్కించాలన్నా పాస్‌వర్డ్ కావాలి. అది పెట్టినాయన ఆరేళ్ళ కిందట రాజమండ్రి బదిలీ మీద వెళ్తూ దాన్ని కూడా పట్టుకుపోయాడు. ఆ పాత డబ్బాలో ఇంకా మాట వింటున్నది బ్రౌజర్ ఒక్కటే.

పని పెద్దదేం కాదు. ఆనకట్ట మీంచి ఎర్రనీరు దిగిందంటే పులస చేపలు గోదారికి ఎదురెక్కుతాయి. ఆ రోజుల్లో సొసైటీ హద్దులో వల వెయ్యాలంటే సభ్యుడై ఉండాలి, పాసుండాలి. ఏటా రేవు దగ్గర పేర్ల కాగితం పట్టుకుని నిలబడటం, అది తడవడం, చిరగడం, దాని మీద తగాదాలు. ఈ ఏడు అలా కాదని ప్రెసిడెంటు భీమరాజు గారు తీర్మానం చేయించారు. రేవులో పాసులిచ్చే చంద్రరావు ఫోన్లో పేజీ తెరుస్తాడు, మనిషి పేరు కొడతాడు. 'ఉన్నారు' అని వస్తే పాసు ఇస్తాడు. 'లేరు' అని వస్తే పడవ ఒడ్డునే ఉంటుంది. పేర్లన్నీ లోకానికి కనపడటం బాగోదని జాబితా దాచి, జవాబు మాత్రమే వచ్చేలా పేజీ చెయ్యాలనుకుంది సాయిదుర్గ. సొసైటీ సభ్యుడు సత్తియ్య కూతురు, రామచంద్రపురంలో డిగ్రీ కంప్యూటర్లు చదివిన పిల్ల. సోమవారానికి పేజీ సిద్ధం కావాలన్నారు భీమరాజు గారు. ఇంకో మాట కూడా అన్నారు. పేజీ ఎవరు చేసినా, జాబితాలో ఏ తేడా వచ్చినా పూచీ గుమాస్తాదేనని.

గుమాస్తా త్రిమూర్తులు ఆ మాటకి తలూపాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ రిజిస్టరు ఆయన చేతిరాతలోనే ఉంది. తన రాత తప్పని ఎవరూ అనలేదన్నదొక్కటే ఆయన చెప్పుకునే గొప్ప. పెన్షన్ లేదు, పెద్ద పేరూ లేదు, ఆ గొప్ప ఒక్కటే ఉంది.

సాయిదుర్గ మొదటి ఎడిటర్లో తన పేరు కొట్టి చూసింది. కర్సరు అక్షరం పక్కన నిలబడకుండా దుర్గలో దు కొమ్ము నడుము మీదికెక్కి కూర్చుంది. ఒక అక్షరం చెరపబోతే మూడు పోయాయి. ఛీ అనుకుని మూసేసింది. రెండోది తెల్లటి తెర, పెద్ద పెద్ద అక్షరాలు, ఇంకే హంగూ లేదు. మూడోది నల్ల తెర. కోడుకి రంగులు వేస్తుంది, కామా మరిచిపోతే ఎర్రగా గీత గీస్తుంది, రాస్తున్నంతసేపూ పేజీ ఎలా వస్తుందో పక్కనే చూపిస్తుంది. ఎవరు ఎప్పుడు ఏ వరుస మార్చారో గుర్తు పెట్టుకుని, అడిగితే చెబుతుంది. సాయిదుర్గకి ప్రాణం లేచొచ్చింది.

త్రిమూర్తులు కళ్ళజోడు పైకి తోసుకుని వెనక నిలబడి చూస్తున్నాడు. ఆయనకి తెల్లది నచ్చింది. పలకలా ఉంది, రాసింది రాసినట్టుంది, అదే తీసుకోవచ్చు కదా అన్నాడు. సాయిదుర్గ నవ్వింది. పలక మీద తప్పు రాస్తే పలక చెబుతుందా అని అడిగింది.

"ఇది తప్పులు పట్టుకుంటుంది బాబాయ్."

"అక్షరాల తప్పులు కూడానా అమ్మా?"

"అన్నీ."

అదెంత పెద్ద మాటో ఆ పిల్లకి తెలియదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరికీ తెలియదు లెండి. ఆయన సరేనన్నాడు.

నల్ల ఎడిటరు లోపలికి రానిచ్చే ముందు నువ్వెవరని అడిగింది. బ్రౌజర్లో ఎప్పటినుంచో త్రిమూర్తులు మెయిల్ ఉంది, ఆ పేరుతోనే వెళ్ళమంటారా అంది. ఆ ఆఫీసులో అన్నీ గుమాస్తా పేరు మీదే నడుస్తాయి. కరెంటాఫీసుకి ఉత్తరం రాసినా, ఐసు డబ్బాలు తెప్పించినా, ఫ్యాను తిరగడం లేదని ఫిర్యాదు పెట్టినా సంతకం త్రిమూర్తులుదే. సాయిదుర్గ రెండో ఆలోచన లేకుండా సరే నొక్కింది.

శుక్రవారమంతా ఆయన చదివాడు, ఆమె కొట్టింది. రిజిస్టరులో ప్రతి వరుస కింద చెక్క స్కేలు పెట్టి, పేరు మీద వేలు ఆనించి, పేరు చివర గారు చేర్చి చదివేవాడు. సత్తియ్య గారు. జానకిరామ్ గారు. గణేష్‌బాబు గారు. జాబితాలో గారులు అక్కర్లేదు బాబాయ్ అని సాయిదుర్గ రెండుసార్లు చెప్పింది. నువ్వు రాయకమ్మా, నేను చదువుతాను అన్నాడాయన. నాలుగు వందల పన్నెండు మందిని అలాగే పిలిచాడు. సాయంత్రానికి గొంతు పోయింది. శనివారం ఆయన ఎదుటి గదిలో పాసుల మీద ముద్రలు వేసుకుంటుంటే, ఈమె కామాలు, ఖాళీలు, ఎడిటర్ చూపించిన చిల్లర చెత్తా అంతా శుభ్రం చేసి పేజీ ఎక్కించేసింది. పేజీ చక్కగా వచ్చింది. తండ్రి పేరు కొట్టి చూసుకుంది. 'సత్తియ్య గారు ఉన్నారు' అంది పేజీ. ఆ గారు మాత్రం త్రిమూర్తులు కోసం జవాబులో పెట్టింది. ఆయన అది చూసి చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు.

*

సోమవారం తెల్లారేసరికి గోదారి రంగు మారిపోయింది. రేవులో నలభై పడవలు, అందరి చేతుల్లోనూ వలలు, అందరి మొహాల్లోనూ తొందర. చంద్రరావు చెట్టు మొదట్లో కుర్చీ వేసుకుని పేర్లు కొట్టడం మొదలెట్టాడు. జానకిరామ్ పేరు కొట్టాడు, ఉన్నారంది. ఆ వెనకే నిలబడ్డ తమ్ముడు గణేష్‌బాబు పేరు కొట్టాడు.

లేరు అంది.

మళ్ళీ కొట్టాడు. లేరు. గణేష్‌బాబు ఫోను లాక్కుని తన పేరు తనే కొట్టుకున్నాడు. లేరు. ఒక్క గడపలోంచి వచ్చిన ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు ఉండటమేంటి, ఇంకొకడు లేకపోవడమేంటి? అన్నం క్యారేజీ అందివ్వడానికి వచ్చిన తల్లి లోవమ్మ ఆ క్యారేజీ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళ కొడుకు, నాలుగేళ్ళుగా సభ్యుడు, కళ్ళెదురుగా ఉన్నాడు. ఫోనేమో లేడంటోంది.

ఎనిమిది గంటలకి లెక్క తేలింది. పదకొండు మంది లేరు. పదకొండు మందీ కుర్రాళ్ళే. పెద్దవాళ్ళలో ఒక్కడి పేరు కూడా పోలేదు. పోయిన నెల మీటింగులో వల వేసే చోట్లు చీట్లు తీసి పంచాలని లేచి నిలబడి అరిచినవాళ్ళు ఏడుగురు ఈ పదకొండులోనే ఉన్నారు. అలా కుదరదని వాళ్ళకి అడ్డం చెప్పినవాడు త్రిమూర్తులు. ఇంక వేరే రుజువెందుకు? మిగతా పడవలు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారుతుంటే ఆ పదకొండు మందీ ఒడ్డున నిలబడి చూశారు.

ఫోను రాగానే సాయిదుర్గ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆఫీసుకి పరుగెత్తింది. ఎడిటర్ తెరిచి, వెతికే డబ్బాలో గణేష్‌బాబు అని కొట్టింది. ఫలితాలు లేవు అంది. శుక్రవారం తన వేళ్ళతో కొట్టిన పేరు. ఇంకో పేరు కొట్టింది. లేదు. ఎవరు ఏం మార్చారో చెప్పే చరిత్ర పట్టీ తెరిచింది.

శనివారం సాయంత్రం 4.12. త్రిమూర్తులు. పదకొండు వరుసలు మార్చారు.

కింద ఎడమ పక్కన ఆ పదకొండు పేర్లూ ఎర్ర రంగులో, ముందు తీసివేత గుర్తుతో వరసగా ఉన్నాయి. సాయిదుర్గ పైనున్న త్రిమూర్తులు పేరు వంక చూసింది. గారు లేకుండా ఒక్క పేరు చదవని మనిషి. ఈమె అటు తిరగ్గానే చడీచప్పుడు లేకుండా పదకొండు మందిని తీసేశాడా? కోపం ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం, మనుషుల్ని చూసి పుట్టే భయం. ఫోన్లో తెరని ఫోటో తీసింది. ఎడమ సగమే పట్టింది. ఎర్ర పేర్లు, పైన టైము, త్రిమూర్తులు. అది చాలనుకుంది.

గుమ్మంలో గణేష్‌బాబు, ఆ వెనక మిగతావాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఏమైందని అడిగారు. ఈమె చెప్పలేదు, ఫోను చూపించింది.

త్రిమూర్తులు అప్పుడే సైకిలు దిగి లోపలికి వస్తున్నాడు. గణేష్‌బాబు ఆ ఫోను ఆయన మొహం ముందు పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పేర్లన్నీ పైనుంచి కిందకి పెదాలు కదుపుతూ చదివాడు. పదకొండోది అయ్యాక మళ్ళీ పైకి వెళ్ళి తన పేరు చదువుకున్నాడు.

"నా పేరే" అన్నాడు.

నేను కాదు అనలేదు. నా పేరే అన్నాడు, అంతే. గణేష్‌బాబు ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పడేశాడు. దొర్లి కింద పడింది. ఎవరూ తీయలేదు. కొడుకు వయసువాడు జేబులో చెయ్యి పెట్టినా ఆయన వెనక్కి జరగలేదు. తన జేబు వంక చూసుకుని సాయిదుర్గ వంక చూశాడు. నువ్వు చెప్పమ్మా అన్నట్టు.

"మిషను అబద్ధం చెప్పదు బాబాయ్" అంది సాయిదుర్గ.

ఆ మాట అన్నందుకు ఆమెకి అప్పుడు గర్వంగానే ఉంది. దాచడం ఎందుకు? పదకొండు మందికి అన్యాయం జరిగితే తను పట్టుకుంది, తను ఎంచుకున్న ఎడిటరు పట్టించింది. రేవులో ఆడవాళ్ళు, చదువుకున్న పిల్ల కాబట్టి దొరికాడు గానీ లేకపోతే ఎవడికి తెలుస్తుంది అనుకున్నారు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది.

*

పేర్లు తిరిగి చేర్చడానికి కూడా కమిటీ తీర్మానం కావాలన్నారు భీమరాజు గారు. మంగళవారం మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. అప్పటికి ఎర్రనీరు వచ్చి రెండు రోజులు, ఆ పదకొండు పడవలూ బోర్లించే ఉన్నాయి. త్రిమూర్తులు మీటింగుకి రాలేదు, ఉత్తరం పంపించాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. పొరపాటు జరిగిందని, అది తనదేనని, ఇక మీదట గుమాస్తా పని నుంచి తప్పుకుంటున్నానని. భీమరాజు గారు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. పెద్దవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. గణేష్‌బాబు మాత్రం, పొరపాటంట, పదకొండు మందిని ఏరి ఏరి తియ్యడం పొరపాటంట అన్నాడు. ఆ మాట సాయిదుర్గకీ నిజమే అనిపించింది. తప్పు ఒప్పుకున్న మనిషి దాన్ని పొరపాటని చిన్నది చేసుకుంటున్నాడనుకుంది. ఆయన మీద మిగిలిన కాస్త జాలి కూడా పోయింది.

పేర్లు చేర్చమని తీర్మానం అయింది కాబట్టి బుధవారం పదిన్నరకి ఆఫీసులో ఒక్కతే కూర్చుని ఆ పదకొండు పేర్లూ మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. రిజిస్టరు బల్ల మీదే ఉంది. చదివే మనిషి లేడు కాబట్టి స్కేలు తనే పెట్టుకుని చూసుకుంటూ కొట్టింది. గణేష్‌బాబు అని కొట్టగానే పేరు మధ్యలో, ష్ కీ బా కీ నడుమ, ఒక చిన్న పసుపు డబ్బా పడింది. దాని మీదికి మౌసు తీసుకెళ్తే ఒక చీటీ తెరుచుకుంది. ఇక్కడ కనపడని అక్షరం ఉంది, అనుమానించదగ్గది, తీసేయమంటారా? కింద రెండు గుర్తులు. ఇది తీసేయి. అన్నీ తీసేయి.

వేలు దానంతటదే అన్నీ తీసేయి మీదికి వెళ్ళింది. అలవాటుగా వెళ్ళింది.

అక్కడ ఆగిపోయింది. ఈ వేలు ఇక్కడికి ఇంతకు ముందు ఎప్పుడు వచ్చింది?

శనివారం. ఎదుటి గదిలోంచి ముద్రల చప్పుడు వస్తోంది. పేర్లలో అక్కడక్కడా పసుపు డబ్బాలున్నాయి, చిరాగ్గా ఉన్నాయి, చెత్త అనుకుంది. ఒక్క నొక్కు నొక్కింది. తెర శుభ్రంగా అయిపోయింది. అది మార్పని కూడా ఆమెకి తోచలేదు. ఇల్లు తుడిచినవాళ్ళు ఏం తుడిచామో లెక్క రాసుకోరు కదా.

ఇప్పుడు ఒక్కదాన్నే, ఇది తీసేయి అని నొక్కింది. పసుపు పోయింది. బా కాస్తా ష కిందికి దిగి ఒత్తయిపోయింది. గణేష్బాబు. నల్ల తెర మీద చీమంత అక్షరాలు. నాలుగు వందల పేర్ల మధ్య అది ఎవరి కంటికీ ఆనదు. వెతికే డబ్బాలో గణేష్‌బాబు అని కొట్టింది. ఫలితాలు లేవు.

అప్పటికి అర్థమైంది. తెలుగులో పొల్లు పక్కన ఇంకో హల్లు కొడితే రెండూ ఒకదాని కింద ఒకటి అతుక్కుంటాయి. ఇలాంటి పేర్లు అతుక్కోకుండా ఉండటానికి కీబోర్డు చెప్పా పెట్టకుండా మధ్యలో ఒక కనపడని గుర్తు పెడుతుంది. ఫోనూ పెడుతుంది, కంప్యూటరూ పెడుతుంది. కంటికి కనపడదు గానీ వెతికేటప్పుడు మిషను దాన్ని కూడా అక్షరంగానే లెక్కేస్తుంది. తెలుగు రాని ఎడిటరు దాన్ని దొంగ అనుకుంది. సత్తియ్యకి ఆ గుర్తు అక్కర్లేదు, లోవమ్మకి అక్కర్లేదు. జానకిరామ్‌లో పొల్లు చివర ఉంది కాబట్టి అతనికీ అక్కర్లేదు. ష్ పక్కన బాబులూ కుమార్లూ తగిలించి పిల్లలకి పేర్లు పెట్టడం ఆ ఊళ్ళో ఈ ముప్పై, ముప్పై ఐదేళ్ళలో వచ్చిన మోజు. అందుకని పోయినవాళ్ళంతా కుర్రాళ్ళయ్యారు. ఏరింది ఎవరూ కాదు.

అయినా ఇంకో ఆశ మిగిలింది. మరి త్రిమూర్తులు పేరెందుకుంది? ఆ టైముకి ఆయన కూడా ఏదైనా ముట్టుకున్నాడేమో. చరిత్ర పట్టీ తెరిచింది. అన్నిటికంటే పైన కొత్త వరుస.

ఇప్పుడే. త్రిమూర్తులు. ఒక వరుస మార్చారు.

సాయిదుర్గ తల తిప్పి గుమాస్తా కుర్చీ వంక చూసింది. ఖాళీగా ఉంది. సోమవారం నుంచీ ఖాళీగానే ఉంది. త్రిమూర్తులు ఇంటి దగ్గరున్నాడు, ఇక్కడ ఈ కంప్యూటర్లో వేలు కదిపిన ప్రతిసారీ ఆయనే కదిపినట్టు రాసుకుంటోంది. ఈ ఎడిటరుకి సాయిదుర్గ అనే మనిషే తెలియదు. గురువారం నువ్వెవరని అడిగితే త్రిమూర్తులునని చెప్పింది తనే.

శనివారం నాటి వరుస మళ్ళీ తెరిచి ఈసారి తెరని పక్కకి జరిపింది. కుడి సగంలో ఆకుపచ్చ రంగులో పదకొండు పేర్లూ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. పదకొండూ నలిగి ఒత్తులైపోయి, అక్కడే ఉన్నాయి. తను ఫోటో తీసింది ఎడమ సగం. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకుంది.

*

త్రిమూర్తులు ఇంటి అరుగు మీద ఆయన భార్య అప్పాయమ్మ చింతపండు గింజ తీస్తోంది. సాయిదుర్గని చూసి పలకరించలేదు, లోపలికి చెయ్యి చూపించింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. లేవబోయాడు. లేవొద్దని బతిమాలి, నిలబడే అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. విని, నాకోసం నువ్వు నెత్తినేసుకోకమ్మా అన్నాడు.

"శనివారం టైమెంతైందో చూద్దామని ఆ మౌసు ఒకసారి కదిపానమ్మా. అప్పుడే ఏదో నొక్కేసుంటాను. నువ్వే అన్నావుగా, మిషను అబద్ధం చెప్పదని."

అప్పుడు తెలిసింది ఆమెకి. ఆయన పొరపాటని రాసింది తప్పు చిన్నది చేసుకోవడానికి కాదు. నిజంగానే తన చెయ్యి తప్పు చేసిందని నమ్మి రాశాడు. రెండు రోజులుగా ఆ మంచం మీద కూర్చుని, ఏ వేలు ఎక్కడ పెట్టానా అని గుర్తు చేసుకుంటున్నాడు. గుర్తు రావడం లేదని తన మతిమరుపుని తిట్టుకుంటున్నాడు. సాయిదుర్గ రేవుకి రమ్మని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన వద్దన్నాడు. లోపలికొచ్చిన అప్పాయమ్మ కండువా తెచ్చి ఆయన భుజం మీద వేసింది. వెళ్ళండి, ఎన్నాళ్ళు కూర్చుంటారు అంది.

రేవులో ఆ పదకొండు మందీ వలలు బాగు చేసుకుంటూ కూర్చున్నారు. బాగు చెయ్యడానికేం లేదు గానీ, చేతులు ఊరుకోవు. త్రిమూర్తులుని చూసి మాటలు ఆపేశారు. సాయిదుర్గ వాళ్ళ మధ్యకి వెళ్ళి, పేర్లు పోగొట్టింది నేను, ఆయన కాదు అంది. శనివారం సంగతి చెప్పింది, మెయిల్ సంగతి చెప్పింది, ఫోటో సగమే తీశానని చెప్పింది. వాళ్ళు వలలు పక్కన పెట్టి విన్నారు. తర్వాత గణేష్‌బాబు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, మెచ్చుకునే నవ్వు.

"పెద్దాయన ఇంటికెళ్ళొచ్చావు, మనసు కరిగింది. నీది మంచి మనసు దుర్గా. కానీ కనపడని అక్షరమేంటి, మరీనూ" అన్నాడు.

మిగతావాళ్ళు కూడా అలాగే చూస్తున్నారు, జాలిగా, గౌరవంగా. ఆమె దిమ్మెరపోయింది. సోమవారం సగం ఫోటో చూపిస్తే క్షణంలో నమ్మారు. ఇవాళ నిలబడి నేరం ఒప్పుకుంటుంటే ఒక్కడు నమ్మడం లేదు. ఆయన చేశాడంటే ఎంత తేలిగ్గా ఒప్పుకున్నారో, ఈమె చేసిందంటే ఒప్పుకోవడం అంత కష్టంగా ఉంది వాళ్ళకి. కనపడనిదాన్ని ఎలా చూపించడం?

గణేష్‌బాబు ఫోను అడిగింది. నీ పేరు నువ్వే కొట్టు అంది. కొట్టాడు. గణేష్‌బాబు. ష్ పక్కనా, బా ముందూ, ఆ నడుమ కర్సరు పెట్టమంది. వేలు లావుది కావడంతో మూడుసార్లు తప్పి, నాలుగోసారికి పెట్టాడు.

"ఇప్పుడు ఒక్కసారి చెరుపు. ఒక్కసారే."

అక్కడ చెరపడానికి ఏం లేదే అన్నాడు. అయినా నొక్కాడు.

అతని పేరు కుంగిపోయింది. బా జారి ష కిందికి పోయింది. ఏ అక్షరమూ పోలేదు, పేరు మాత్రం పాడైపోయింది. గణేష్‌బాబు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. పక్కవాడు వంగి చూశాడు. మళ్ళీ కొట్టి మళ్ళీ చెరిపాడు. మళ్ళీ కుంగింది. అలా ముగ్గురు నలుగురు తమ తమ పేర్లు కొట్టుకుని, చెరుపుకుని చూసుకున్నారు. త్రిమూర్తులు కూడా వాళ్ళ భుజాల మీంచి తొంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకోలేదు ఈసారి.

గణేష్‌బాబు ఫోను జేబులో పెట్టుకోబోయి పెట్టుకోలేక చేతిలోనే ఉంచుకున్నాడు. మొన్న ఆ చేత్తోనే పెద్దాయన జేబులోంచి పెన్ను తీశాడు.

"తప్పైపోయిందండి" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

త్రిమూర్తులు అతని భుజం మీద చెయ్యి వేసి, ముందు పడవ సంగతి చూసుకో నాన్నా, నీరు తీసేస్తుంది అన్నాడు. సాయిదుర్గ అక్కడే మెట్టు మీద కూర్చుని తన ఫోన్లో ఎడిటర్ తెరిచింది. ఈసారి తన మెయిల్‌తో, తన పేరుతో. పదకొండు పేర్లూ సరిచేసింది. ఆ పసుపు డబ్బాల జోలికి పోలేదు. చంద్రరావు ఒక్కొక్క పేరూ కొట్టి చూశాడు. గణేష్‌బాబు గారు ఉన్నారు అంది పేజీ. పాసులు తీసుకుని అందరూ పడవల దగ్గరికి పరుగెత్తారు. ఇంకా రెండు మూడు రోజుల ఎర్రనీరుంది. ముప్పావు గంటలో పదకొండు పడవలూ నీళ్ళలోకి దిగిపోయాయి, చంద్రరావు కూడా కుర్చీ మడుచుకుని వెళ్ళిపోయాడు.

రేవులో ఇద్దరే మిగిలారు. మీ ఉత్తరం వెనక్కి ఇప్పించమని సాయంత్రం భీమరాజు గారికి నేనే చెబుతాను, కమిటీలో అందరి ముందూ చెబుతాను అంది సాయిదుర్గ. ఆయన సరేననలేదు, వద్దనీ అనలేదు. ఆ కంప్యూటర్లో మీ మెయిల్ తీసేస్తాను, ఇంక అందరం ఎవరి పేరుతో వాళ్ళమే రాసుకుందాం అంది. దానికి తలూపాడు. తిడితే బాగుండునని ఆమె ఎదురుచూస్తోంది. ఆయన తిట్టేలా లేడు. కోపం కూడా కనపడలేదు. ఏదో లెక్క తెగనివాడిలా ఉన్నాడు.

"ఒకటి అడుగుతానమ్మా, ఏమీ అనుకోకు" అన్నాడు చివరికి. "అందులో నా పేరు కనపడగానే నేనే చేసుంటాననుకున్నాను. నాకా మిషను రాదు కాబట్టి అలా అనుకున్నాను. నీకు అంతా వచ్చు. ఆ మూడు రోజుల్లో, ఒకవేళ నువ్వే చేశావేమో అని నీకు ఒక్కసారైనా అనిపించలేదా?"

సాయిదుర్గ సోమవారం గుర్తు చేసుకుంది, మంగళవారం గుర్తు చేసుకుంది. ఎంత వెతికినా అలాంటి క్షణం దొరకలేదు. అబద్ధం చెప్పాలనిపించింది, ఆయన మొహం చూశాక చెప్పలేకపోయింది.

"లేదు బాబాయ్" అంది.